ఐర్లండ్ పీనల్ కాలపు దయ కథలు: విశాఖలో చెప్పే పద్ధతి, మన పెద్దల నుంచి రాసుకునే పద్ధతి

పద్దెనిమిదో శతాబ్దపు ఐర్లండ్‌లో కాథలిక్కుల మీద అమలైన పీనల్ చట్టాల (వారి హక్కులను హరించే శిక్షా చట్టాల) చుట్టూ అక్కడి పల్లెల్లో ఎన్నో కథలు పుట్టి, నోటిమాటగా రెండు వందల ఏళ్లకు పైగా నిలిచాయి. కాథలిక్కు గురువును, అంటే పూజ జరిపించే పురోహితుణ్ణి, పట్టిస్తే డబ్బు దొరికే రోజుల్లో నోరు విప్పని పొరుగువాడు, సోదాకు రావలసిన అధికారి అయి ఉండీ ముందు రోజు రాత్రే కబురు పంపినవాడు, చట్టప్రకారం తన పేరున పడిన పొలం ఫలసాయాన్ని అసలు యజమానికే గుట్టుగా అప్పగిస్తూ వచ్చినవాడు, ఇలాంటి మనుషులు ఆ కథల నిండా కనిపిస్తారు. విశాఖపట్నంలో బడిపిల్లలకు గాని, గ్రంథాలయాల్లో కూడే చదువరులకు గాని, అపార్టుమెంట్లలో సాయంత్రం పూట కలుసుకునే పెద్దలకు గాని ఈ కథలు చెప్పదలచిన వారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను.

ఓడరేవు ముఖద్వారం దగ్గర రాస్ కొండ మీద మేరీమాత చర్చి, దర్గా కొండ మీద ఇషాక్ మదీనా బాబా దర్గా, పక్క కొండ మీద వేంకటేశ్వరస్వామి గుడి ఒకే చూపులో కనిపించే ఊరు మనది. అందుచేత పరమతస్థుడు చేసిన మేలు గురించిన కథ ఇక్కడ ఎవరికీ వింతగా తోచదు. చెప్పేవారికి అసలు చిక్కు అక్కడే వస్తుంది. కథ మొదలైన రెండు నిమిషాలకే వినేవారు ‘అన్ని మతాలూ ఒక్కటే కదండీ’ అని తల ఊపేసి, కథలోని మనిషి ఏమి పణంగా పెట్టాడో వినకుండానే సంతృప్తి పడిపోతారు. ఈ కథలు చెప్పేవారు పాటించవలసిన పెద్ద నియమం నా దృష్టిలో ఒక్కటే. దయ చూపిన మనిషి పట్టుబడితే ఏమి పోగొట్టుకునేవాడో ముందుగా, వివరంగా, అంకెలతో సహా వినేవారి మనసుకు ఎక్కించాలి. ఆ తరువాతే దయ మాట ఎత్తాలి.

ముందు చట్టం తెలుసుకోండి

కాథలిక్కు రాజు జేమ్స్ పక్షానికీ ప్రొటెస్టెంటు రాజు విలియం పక్షానికీ మధ్య ఐర్లండ్‌లో సాగిన యుద్ధం 1691 అక్టోబరులో లిమరిక్ ఒప్పందంతో ముగిసింది. ఓడిన కాథలిక్కులకు కొంత మతస్వేచ్ఛ ఉంటుందని ఆ ఒప్పందంలో మాట ఇచ్చారు గాని, డబ్లిన్ పార్లమెంటు ఆ మాట నిలబెట్టుకోలేదు. 1695లో వచ్చిన ఒక చట్టం కాథలిక్కుల దగ్గర ఆయుధాలు గాని, ఐదు పౌన్లకు పైబడి విలువ చేసే గుర్రం గాని ఉండరాదని శాసించింది. అదే ఏడాది వచ్చిన మరో చట్టం వారు బడి నడపరాదనీ, పిల్లలను చదువుకోవడానికి విదేశాలకు పంపరాదనీ చెప్పింది. 1697 నాటి చట్టం బిషప్పులనూ మఠాలకు చెందిన సన్యాసులనూ 1698 మే 1 లోగా దేశం విడిచి పొమ్మంది. 1704లో విచారణ గురువులు (ఒక్కో ఊరి సంఘాన్ని చూసుకునేవారు) పేర్లు నమోదు చేయించుకోవాలన్నారు, ఒక్కొక్కరూ చెరి 50 పౌన్ల పూచీతో ఇద్దరు జామీనుదారులను చూపాలన్నారు. అలా 1,089 మంది నమోదయ్యారు. ఈ నమోదును వెసులుబాటు అనుకోకూడదు. బిషప్పులు దేశంలో లేకపోతే కొత్త గురువులకు అభిషేకం చేసేవారు ఉండరు, నమోదైన గురువు మరణిస్తే ఆ స్థానంలోకి రావడానికి మరొకరు ఉండరు. ఒక తరం గడిచేసరికి గురువులే మిగలకూడదన్నది ఆ ఏర్పాటులో దాగిన ఆలోచన.

కథకులకు అన్నిటికంటె ముఖ్యమైనది 1709 నాటి చట్టం. బిషప్పును పట్టిస్తే 50 పౌన్లు, సన్యాసిని గాని నమోదు కాని గురువును గాని పట్టిస్తే 20 పౌన్లు, కాథలిక్కు పంతులును పట్టిస్తే 10 పౌన్లు బహుమానంగా ఇస్తామని అది ప్రకటించింది. ఆ సొమ్మును ఆ కౌంటీలోని కాథలిక్కుల నుంచే వసూలు చేయాలని కూడా అందులో ఉంది. అంతేకాక ఇద్దరు మేజిస్ట్రేట్లు కలిసి ఏ కాథలిక్కునైనా పిలిపించి, చివరిసారి పూజ ఎక్కడ విన్నావు, ఎవరు చేశారు, ఎవరెవరు వచ్చారు అని ప్రమాణం చేయించి అడగవచ్చు. చెప్పకపోతే ఏడాది జైలు లేదా 20 పౌన్ల జుల్మానా.

ఈ మొత్తాలను నేటి రూపాయల్లోకి మార్చి చెప్పే ప్రయత్నం చేయవద్దు. ఎంతకు మార్చినా అది తప్పే అవుతుంది, పైగా పిల్లలు ఆ అంకెనే పట్టుకుని కూర్చుంటారు. చట్టం తానే ఇచ్చిన కొలత ఒకటుంది, దానినే వాడండి. ఐదు పౌన్ల పైబడిన గుర్రం కాథలిక్కుకు దక్కని వైభవం అనుకుంటే, పంతులు ఖరీదు రెండు గుర్రాలు, గురువు ఖరీదు నాలుగు, బిషప్పు ఖరీదు పది. దున్నుకోవడానికి కౌలు పొలం కూడా సరిగా లేని మనిషి ఇంటి అటక మీద నాలుగు గుర్రాల ఖరీదు చేసే గురువు నిద్రపోతున్నాడని చెప్పండి. ఆ రాత్రి ఆ ఇంటివాడికి నిద్ర పట్టిందా లేదా అని పిల్లలు వారంతట వారే అడుగుతారు.

కథ చెప్పే ముందు మరొక సంగతి కూడా తేల్చుకోవాలి. ఈ చట్టాలను చేసినది ప్రొటెస్టెంట్లందరూ కాదు. అధికారం ఆంగ్లికన్ సంఘానికి చెందిన కొద్దిమంది చేతుల్లో ఉండేది. ఉత్తరాన అల్స్టర్‌లో పెద్ద సంఖ్యలో ఉన్న ప్రెస్బిటేరియన్లనే మరో శాఖ ప్రొటెస్టెంట్లను కూడా 1704 నుంచి మతపరమైన పరీక్ష పెట్టి ప్రభుత్వోద్యోగాలకు దూరం చేశారు. ఆంగ్లికన్ సంఘానికి దశమభాగం పన్ను కట్టమన్నందుకు క్వేకర్లనే చిన్న ప్రొటెస్టెంటు శాఖవారు ఆస్తులు జప్తు చేయించుకున్నారు, జైళ్లకూ వెళ్లారు. ఈ తేడాలు చెప్పకపోతే కథలోని మంచి ప్రొటెస్టెంటు ఒక జాతి మొత్తం నుంచి తప్పిపోయి వచ్చిన వింత మనిషిలా కనిపిస్తాడు.

కాలం గురించి కూడా జాగ్రత్త అవసరం. కథలు వినిపించినంత కఠినంగా ఈ చట్టాలు అన్ని చోట్లా, అన్ని ఏళ్లలోనూ అమలు కాలేదు. పద్దెనిమిదో శతాబ్దం రెండో సగానికి చాలా ప్రాంతాల్లో పూజను చూసీ చూడనట్టు వదిలేసేవారు. 1778, 1782, 1793 సంవత్సరాల్లో వచ్చిన సడలింపు చట్టాలు కౌలు, భూమి కొనుగోలు, బడి, ఓటు హక్కులను ఒక్కొక్కటిగా తిరిగి ఇచ్చాయి. 1829లో పార్లమెంటు సభ్యత్వం కూడా తెరుచుకుంది. అయితే జనం జ్ఞాపకంలో 1649లో సైన్యంతో వచ్చిన ఇంగ్లిష్ సేనాని క్రామ్‌వెల్, 1709 నాటి బహుమానాలు, 1770ల నాటి భూస్వాములు అందరూ ఒకే చీకటి కాలంలో కలిసిపోయారు. కథ చెప్పేటప్పుడు ఆ కలగలుపును సరిదిద్దవద్దు. కథ ముగిశాక చరిత్ర వేరుగా చెప్పండి.

కథలు ఎక్కడ దొరుకుతాయి

ఐర్లండ్ ప్రభుత్వం 1935లో జానపద సంఘాన్ని స్థాపించింది. దానికి జేమ్స్ డెలార్గీ సంచాలకుడు, షాన్ ఓ సూలవాన్ గ్రంథభాండాగార బాధ్యుడు. ఆ సంఘం 1937, 1938 సంవత్సరాల్లో స్వతంత్ర ఐర్లండ్‌లోని 26 కౌంటీల ప్రాథమిక పాఠశాలల్లో ఒక పథకం నడిపింది. 11 నుంచి 14 ఏళ్ల పిల్లలు వారానికోసారి రాసే వ్యాసానికి బదులు, ఇంటి దగ్గర తాతనో అమ్మమ్మనో పొరుగింటి ముసలాయననో అడిగి, విన్నది నోటుపుస్తకంలో రాసుకుని రావాలి. ఏమేమి అడగాలో ఉపాధ్యాయులకు ఒక చిన్న పుస్తకం అచ్చువేసి పంపారు. అందులోని శీర్షికల్లో పీనల్ కాలం ఒకటి. సుమారు 5,000 బడుల్లో 50,000 మంది పిల్లలు ఈ పనిలో పాల్గొన్నారు. బాగున్న రాతలను పెద్ద పుస్తకంలోకి ఎక్కించే పని బడిలో జరిగేది. ఇప్పుడవన్నీ డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలోని జాతీయ జానపద సంగ్రహంలో ఉన్నాయి. ఆ పేజీల ఫొటోలు, స్వచ్ఛంద కార్యకర్తలు టైపు చేసిన పాఠంతో సహా, డూహస్ అనే వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు.

అక్కడ కౌంటీ పేరుతోనూ వెతకవచ్చు, విషయం పేరుతోనూ వెతకవచ్చు. మొదటిసారి చూసేవారు కార్క్, కెర్రీ, మేయో, గాల్వే కౌంటీలతో మొదలుపెట్టి, పీనల్ కాలం అన్న శీర్షిక కింద పది పదిహేను కథలు చదవడం మంచిది. ఒక్క కథ చదివి దానినే పట్టుకుంటే అందులో ఏది ఆ ఊరి సొంతమో, ఏది ఊరూరా తిరిగే అల్లికో తెలియదు. చాలా కథలు అరపేజీకి మించవు. ఏడో తరగతి పిల్లవాడి గుండ్రటి చేతిరాత, చివర కథ చెప్పిన వారి పేరు, వయసు, ఊరు కనిపిస్తాయి. ఆ క్లుప్తతను చూసి నిరుత్సాహపడవద్దు. మన అమ్మమ్మలు కూడా ఇంటి సంగతి నాలుగు వాక్యాల్లోనే చెప్పి, ‘ఇంకేముంది, అంతే’ అని ఊరుకుంటారు. ఆ నాలుగు వాక్యాల వెనుక చట్టమంతా ఉంటుంది, దానిని విప్పి చెప్పడమే కథకుడి పని.

ఏ కథలు చెప్పాలి

నేను ముందుగా చెప్పమనేది తెర కథ. అడవిలోనో కొండ పక్కనో ఒక బల్లపరుపు రాయి, దాన్నే పీఠంగా చేసుకుని పూజ. ఎత్తైన చోట్ల కుర్రవాళ్లు కాపలా. ఇంతవరకు అందరికీ తెలిసినదే. కాని చాలా చోట్ల గురువుకూ జనానికీ మధ్య ఒక తెర కట్టేవారని, గురువు ముఖం ఎవరికీ కనిపించకుండా జాగ్రత్తపడేవారని కథలు చెబుతాయి. ఎందుకో ఆలోచించమని వినేవారినే అడగండి, చలి కోసమనీ గాలి కోసమనీ రకరకాల జవాబులు వస్తాయి. అప్పుడు 1709 చట్టం గుర్తు చేయండి. మేజిస్ట్రేటు ముందు ప్రమాణం చేసి చెప్పవలసి వస్తే, ‘పూజ చేసినది ఎవరో నేను చూడలేదు’ అన్న మాట నిజమే కావాలి. దేవుని మీద ప్రమాణం చేసి అబద్ధమాడటం పాపమని నమ్మే మనుషులు ప్రాణాలు దక్కించుకోవడానికి కూడా అబద్ధమాడకుండా ఉండే దారి ఒక గుడ్డముక్కతో వేసుకున్నారు. ఈ కథలో దయ రెండో అంకంలో వస్తుంది. ప్రశ్న అడిగే మేజిస్ట్రేటుకు తెర సంగతి బాగా తెలుసు. తెరకు ఇవతల ఉన్నవారు గొంతు గుర్తుపట్టారా అని ఆయన అడగవచ్చు. కొందరు అడగరు. చూడలేదన్న జవాబు రాసుకుని పంపించేస్తారు. అడగవలసిన ఒక ప్రశ్న అడగకుండా ఊరుకోవడం కూడా దయేనని పిల్లలకు వివరించి చెప్పనక్కరలేదు, ఆ ప్రశ్న ఏమిటో వారికి తెలిసేలా చేస్తే చాలు.

ఇదే కుటుంబానికి చెందినది కబురు కథ. సోదాకు వెళ్లవలసిన మేజిస్ట్రేటు ముందురోజు రాత్రి తన పనివాడు వినేటట్టు, ‘రేపు తెల్లవారి ఫలానా ఇంటికి వెళ్లాలి, గుర్రాలకు జీను వేసి ఉంచండి’ అని గట్టిగా అంటాడు. పనివాడు కాథలిక్కు. తెల్లవారేసరికి ఆ ఇంట్లో ఎవరూ ఉండరు. అధికారి విధి తప్పలేదు, పనివాడు ఎవరికీ ఏమీ చెప్పినట్టు లేదు. దీన్ని చెప్పేటప్పుడు మేజిస్ట్రేటును దేవుణ్ణి చేయవద్దు. కౌలుదారులంతా కాథలిక్కులైన ఊళ్లో గురువును పట్టించి ఆ తరువాత ప్రశాంతంగా శిస్తు వసూలు చేసుకోవడం ఏ భూస్వామికీ సుళువు కాదు. స్వలాభం కలిసిన దయ కూడా ఆ రాత్రికి ఆ గురువుకు ప్రాణం పోసినదే. రెండు సంగతులూ కలిపి చెప్పగలిగితే పెద్దలు కూడా కుర్చీలో ముందుకు జరిగి వింటారు.

అన్నిటికంటె లోతైనవి పొలం కథలు. మన ప్రాంతంలో భూమి తగాదాలు, బినామీ పట్టాలు అందరికీ అనుభవంలో ఉన్నవే కనుక వీటికి విశాఖ శ్రోతలు వెంటనే స్పందిస్తారు. 1704 చట్టం ప్రకారం కాథలిక్కు భూమి కొనకూడదు, 31 ఏళ్లకు మించిన కౌలు తీసుకోకూడదు. తండ్రి చనిపోతే భూమి కొడుకులందరికీ సమంగా ముక్కలవుతుంది, పెద్దకొడుకు మతం మారితే మొత్తం అతనికే దక్కుతుంది. 1709 చట్టం దీనికి ఇంకొక కొక్కెం తగిలించింది. ఏ కాథలిక్కు అయినా చట్టాన్ని తప్పించుకుని భూమి పెట్టుకున్నాడని ఒక ప్రొటెస్టెంటు న్యాయస్థానంలో బయటపెడితే ఆ భూమి బయటపెట్టిన వాడిదే అవుతుంది. దురాశ కోసం చేసిన ఈ ఏర్పాటునే స్నేహితులు తలకిందులు చేశారు. దుర్మార్గుడెవరో బయటపెట్టే లోపలే, నమ్మకమైన ప్రొటెస్టెంటు మిత్రుడు ముందుగా వెళ్లి తానే ‘బయటపెట్టి’, భూమిని తన పేరున రాయించుకుని, పంటనూ శిస్తునూ పాత యజమానికే వదిలేసేవాడు. ఇది చరిత్రలో నిజంగా జరిగిన పద్ధతే, పల్లె కథల్లో మాత్రమే ఉన్నది కాదు.

ఇక్కడ ఆగి, నిదానంగా ఒక మాట చెప్పాలి. ఆ మిత్రుడు మనసు మార్చుకుంటే కాథలిక్కుకు ఏ కోర్టులోనూ దిక్కు లేదు. కాగితం మీద భూమి మిత్రుడిదే. ఆయన చనిపోతే ఆయన కొడుకుదే. ఆ కొడుకుకు తండ్రి చేసిన ఒప్పందం నచ్చకపోతే? అతని భార్యకు అప్పులుంటే? ముప్పై నలభై ఏళ్ల పాటు, రెండు తరాల పాటు, ప్రతి పంటకూ ఒకసారి ఆ దయ కొత్తగా చూపవలసిందే. ఒక్క రాత్రి గురువును దాచడం కంటె ఇది కష్టమైన పని అని నాకు అనిపిస్తుంది, అందుకే ఈ కథకు ఎక్కువ సమయం ఇవ్వమంటున్నాను.

గుర్రం కథలు కూడా చెప్పవచ్చు గాని, వాటిలో దయ తక్కువ. 1773 మేలో కార్క్ కౌంటీలో ఆర్ట్ ఓలియరీని కాల్చి చంపారు. ఆస్ట్రియా సైన్యంలో పనిచేసి వచ్చిన ఆయన, తన మేలుజాతి గుర్రాన్ని ఆ 1695 నాటి గుర్రాల చట్టం చూపి ఐదు పౌన్లకు ఇమ్మని ఏబ్రహాం మారిస్ అనే అధికారి అడిగితే ఇవ్వనన్నాడని కథనం. చట్టం మొదలైన 78 ఏళ్ల తరువాత కూడా ఆ ఐదు పౌన్ల మాట ఒక ప్రాణం తీయగలిగిందని చూపడానికి ఇది పనికి వస్తుంది.

ఇక గురువుల వేటగాడు షాన్ నా సాగర్ట్ కథ. మేయో కౌంటీలో ఇతని పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు. గుర్రాల దొంగతనానికి ఉరిశిక్ష పడితే, గురువులను పట్టిస్తానని ఒప్పుకుని బయటపడ్డాడట. చావు బతుకుల మీద ఉన్నానని మంచం ఎక్కి, గురువును పిలిపించమని సొంత చెల్లెలినే బతిమాలి, పాపసంకీర్తనం (పాపాలు ఒప్పుకునే మాటలు) వినడానికి వంగిన గురువును దుప్పటి కింద దాచిన కత్తితో పొడిచాడట. చివరికి అతన్నీ చంపారు. జనం శవాన్ని చెరువులో పడేస్తే, అతను వేటాడిన మరో గురువే తీయించి బాలింటబర్ మఠం శ్మశానంలో పాతిపెట్టించాడని ఒక కథనం. 1216లో కట్టిన ఆ మఠం ఇప్పటికీ ఉంది. ఇక్కడ దయ వేటాడబడినవాడి నుంచి వేటగాడి వైపు నడిచింది. పదేళ్ల లోపు పిల్లలున్న చోట ఈ కథ చెప్పవద్దు. పెద్దపిల్లలు మాత్రం తప్పకుండా వాదనకు దిగుతారు, ‘అలాంటివాణ్ణి ఎందుకు పాతిపెట్టాలి’ అని ఒకరు, ‘చెరువు నీళ్లు ఊరికి కావాలి కదా’ అని ఇంకొకరు. ఆ వాదనను మీరు తీర్చవద్దు.

ఆకలి కాలపు కథలు వేరే శతాబ్దానివి, అయినా వీటి పక్కన పెట్టదగినవి. 1845 నుంచి బంగాళాదుంప పంట పోయి పది లక్షల మందికి పైగా చనిపోయిన కరువులో, మతం మారితేనే గంజి పోస్తామన్నవారి మీద ఐరిష్ పల్లెల్లో ఇప్పటికీ కోపం ఉంది. అదే కరువులో క్వేకర్లు 1846 నవంబరులో డబ్లిన్‌లో సహాయ సంఘం పెట్టి, ఎవరి మతం ఏదని అడగకుండా సూప్ పోశారు. ఆ తేడాను జనం తరతరాలు గుర్తుంచుకున్నారు.

చెప్పేటప్పుడు

ఒక కూటానికి రెండు కథలకు మించి చెప్పవద్దు. ఒక్కొక్కదానికి ఇరవై నిమిషాలు పెట్టుకుని, అందులో మొదటి ఏడెనిమిది నిమిషాలు చట్టానికే ఇవ్వండి. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు వీలైనంత తగ్గించండి. కార్క్, మేయో వంటి రెండు పేర్లు గోడ మీద పటంలో చూపిస్తే చాలు. కథను మాత్రం మన ఊరికి మార్చవద్దు. గురువుగారిని భీమిలి పారిపోనివ్వడం, మేజిస్ట్రేటును కలెక్టరుగా చేయడం సరదాగా ఉండవచ్చు గాని, అప్పుడు చట్టం మాయమవుతుంది, చట్టం లేకపోతే ఈ కథల్లో ఏమీ మిగలదు.

స్థలం ఎంచుకునే వీలుంటే పూజరాయి కథను ఆరుబయట చెప్పండి. తెన్నేటి పార్కులో సముద్రానికి ఎదురుగా కూర్చోబెట్టి, ఒక కొవ్వొత్తి వెలిగించి నిలబెట్టమని పిల్లలకు ఇవ్వండి. ఆ గాలికి అది అరనిమిషం కూడా నిలవదు. చేతులు అడ్డం పెడతారు, చున్నీ అడ్డం పెడతారు, చివరికి నలుగురు దగ్గరగా నిలబడి గాలికి వీపు పెడితే వెలుగుతుంది. కొండగాలిలో పూజ అంటే ఏమిటో ఆ తరువాత చెప్పడం తేలిక. పిల్లలను కింద రాళ్ల మీదికి మాత్రం దిగనివ్వకండి, అక్కడ అలలు నమ్మదగినవి కావు.

వినేవారిలో కాథలిక్కులు ఉంటే, పూజ జరిగే క్రమం, పీఠం మీద ఏమేమి ఉంటాయి అన్న సంగతులు వారిని చెప్పమనండి. మన కథకుల కంటె వారు బాగా చెబుతారు. ప్రశ్నల సమయంలో ఎవరో ఒకరు ఈ కథను నేటి మన దేశపు గొడవలతో పోల్చి, ఏదో ఒక మతాన్ని వేలెత్తి చూపుతారు. ఆ మాటను ఖండించి వాదన పెంచుకోవడం కంటె, ‘మీ ఇంట్లోనో మీ వీధిలోనో మీరు స్వయంగా చూసిన సంగతి ఒకటి చెప్పండి’ అని అడగడం మంచిది. పత్రికలో చదివినది చెప్పేవారు అక్కడ ఆగిపోతారు. నిజంగా చూసినవారు మాట్లాడతారు, వారి మాట ఎటువైపున్నా వినవలసిందే. బాధపడినవారు బాధ చెబితే, దానికి తూకంగా వెంటనే ఒక దయ కథ పెట్టే ప్రయత్నం చేయవద్దు.

మన పెద్దల నుంచి రాసుకోవడం

ఐరిష్ బడిపిల్లల పద్ధతి మనకు అచ్చంగా పనికివస్తుంది. వన్‌టౌన్, కోటవీధి, జాలారిపేట, కంచరపాలెం వంటి పాత పేటల్లో ఎనభై దాటిన పెద్దలు ఇంకా ఉన్నారు. వారిని ‘మతసామరస్యం గురించి చెప్పండి’ అని అడిగితే వినాయకచవితి సభలో మాట్లాడినట్టు మాట్లాడి ఊరుకుంటారు. వస్తువుల గురించీ పనుల గురించీ అడగండి. ‘మీ చిన్నప్పుడు మీ ఇంట్లో బంధువులు కానివారు ఎవరైనా నాలుగు రోజులు ఉన్నారా అమ్మమ్మా? వారికి వంట ఎక్కడ చేశారు? ఎవరి కంచంలో తిన్నారు? మీ నాయనమ్మగారు ఏమన్నారు?’ ఇలా అడిగితే కథ దానంతట అదే వస్తుంది. అడగడానికి ఆనవాళ్లు కూడా కావాలి: 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేసినప్పుడు ఊరు ఖాళీ చేసి వెళ్లడం, అదే ఏడాది బర్మా నుంచి కాందిశీకులు నడిచి రావడం, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తరువాత కరెంటు లేని రోజులు.

కోటవీధిలో ఒక పెద్దావిడ నాకు చెప్పిన సంగతి ఇలాంటి ప్రశ్నకే బయటికి వచ్చింది. బాంబుల భయానికి వారి కుటుంబం ఒక పల్లెకు వెళ్లి, ముస్లిం రైతు ఇంటి వసారాలో దిగిందట. ఆ ఇంటి ఇల్లాలు వీరు తమ వంట తినరని తానే గ్రహించి, బావి దగ్గర కొత్త మట్టి పొయ్యి వేయించి, సంతలో కొన్న కొత్త కుండలు, విడిగా ఒక చేద తెచ్చి పెట్టి, ఆ పొయ్యి వైపు తన పిల్లలను రానివ్వలేదట. ‘మా అమ్మకు ఆ చేద తాడు ముట్టుకున్నప్పుడల్లా సిగ్గేసేదట బాబూ’ అని ఆవిడ అన్నారు. ఆ చివరి మాటే రాసుకోవలసినది. దానిని తీసేసి, రెండు కుటుంబాలు కలిసిమెలిసి ఉన్నాయని రాస్తే అబద్ధమవుతుంది.

ఫోనులో రికార్డు చేసేముందు అనుమతి అడగండి, అడిగిన మాట కూడా రికార్డులో ఉండేలా చూడండి. ఐరిష్ సేకర్తలు మైనపు గొట్టాల మీద రికార్డు చేసి, రాసుకున్నాక ఆ మైనాన్ని గీకేసి మళ్లీ వాడేవారు, అందుచేత ఎన్నో గొంతులు పోయాయి. మనకు ఆ ఇబ్బంది లేదు కనుక మూలాన్ని చెరపవద్దు. రాసేటప్పుడు వారి యాసను సరిదిద్దవద్దు. ‘ఎల్లిపోనాం’ అంటే అలాగే రాయండి. చెప్పినవారి వయసు, పేట, ఎవరి దగ్గర విన్నారు, తాము చూసినదా లేక విన్నదా అన్న నాలుగు సంగతులు ప్రతి కథ కిందా ఉండాలి. పేర్ల విషయంలో మాత్రం ఐరిష్ నోటుపుస్తకాల కంటె మనం ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. అక్కడ చెప్పుకున్నవారు రెండు వందల ఏళ్ల కిందటి వారు, మన కథల్లో మేలు చేసినవారి మనవలు, కీడు చేసినవారి మనవలు ఇప్పటికీ ఒకే వీధిలో ఉండవచ్చు. అందుచేత అచ్చులోకి గాని ఇంటర్నెట్‌లోకి గాని వెళ్లే ప్రతిలో పేర్లు తీసేసి, పేర్లున్న ప్రతిని కుటుంబం దగ్గరే ఉంచండి.

రాసిన తరువాత శుభ్రమైన ప్రతి తీసి, పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించి, చెప్పినవారి ఇంటికి వెళ్లి చదివి వినిపించండి. వారు కొట్టేయమన్నది మారుమాట లేకుండా కొట్టేయండి. చాలామంది కొట్టేయించేది తమ ఇంటివారు చేసిన మేలు గురించిన వాక్యాన్నే, చెప్పుకుంటే బాగుండదని. అప్పుడు ఒక్కసారి మాత్రం, ఉంచమని అడిగి చూడండి.